ఓడ వచ్చిన రోజు

ఉదయం ఏడుంపావు. దైవాశీర్వాదం బల్ల మీది నీలం గుడ్డ పైన నిలిచిపోయిన ఓడల్ని ఒక్కొక్కటే ఎత్తి, ఫ్లానెల్ ముక్కతో అడుగు తుడిచి, పెట్టెలో వరసగా పేరుస్తున్నాడు. వేలెడేసి చెక్క ఓడలు. అరవై రెండు. ప్రతిదీ ఆయన చేత్తో చెక్కిందే. రోజూ ఇరవై నిమిషాల్లో అయ్యే పని ఇవాళ అరగంటైనా తెమలలేదు. పేర్చిన వరసనే రెండుసార్లు తీసి మళ్ళీ పేర్చాడు. మధ్యలో లేచి కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చాడు, కాఫీ మరిగిందో లేదో చూశాడు, మళ్ళీ కిటికీ దాకా వెళ్ళాడు. కాలు ఒకచోట నిలవడం లేదు.

అమెరికాలో, న్యూవార్క్ బే పక్కన పాత గిడ్డంగిని బాగుచేసి ఆఫీసులుగా మార్చిన ఎర్ర ఇటుక భవనం అది. రేవుల్లో పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళకి రేవు ఎలా కట్టాలో, ఎలా నడపాలో ఏడాదికి మూడుసార్లు, ఆరేసి వారాలు అందులో పాఠాలు చెప్తారు. ఘానా నుంచి, ఈజిప్టు నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, అప్పుడప్పుడూ ఇండియా నుంచి వస్తారు. తమ దేశాల్లో కారు దిగితే తలుపు తీసి పట్టుకునేవాళ్ళున్న మనుషులు. వాళ్ళకి కాఫీ పెట్టడం, కాగితాలు జిరాక్సు తీయడం, ప్రొజెక్టరు మీద షీట్లు మార్చడం, ఈ బల్ల మీద ఓడల్ని నిలపడం దైవాశీర్వాదం పని. తొమ్మిదేళ్ళుగా అదే. యాభై ఆరేళ్ళ మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కుడిచేతి మధ్యవేలి కణుపు మీద, ఎప్పుడో పాళీ కలంతో రాసి రాసి కాచిన కాయ ఇప్పటికీ కరగలేదు.

బల్ల పన్నెండడుగులు. నీలం గుడ్డ సముద్రం, బూడిదరంగు పలకలు ఓడలు ఆనుకునే బెర్తులు. రేవు నడపడం నేర్పే ఆట అది, సులువు. దైవాశీర్వాదం డబ్బాలోంచి ఒక చీటీ తీస్తాడు. మూడు అని ఉంటే ఆ రోజు మూడు ఓడలు వచ్చినట్టు. సున్నా అని ఉంటే సముద్రం ఖాళీ. ఆఫీసర్లు ఓడల్ని బెర్తుల దగ్గరికి జరుపుకోవాలి. బెర్తు ఖాళీ లేకపోతే ఓడ గుడ్డ మీదే పడి ఉంటుంది. మొదటి వారం అందరూ చేసే తప్పు ఒకటే. సగటున రోజుకి రెండు ఓడలొస్తాయి కాబట్టి రెండు బెర్తులు చాలంటారు. ఓడలు సగటుగా రావు. మూడు రోజులు ఒక్కటీ కనపడక, నాలుగో రోజు ఐదు కలిసి దిగుతాయి, పెళ్ళికి చుట్టాలు దిగినట్టు. సాయంత్రానికి నీలం గుడ్డంతా ఓడలే. ఎదురుచూడటమంటే ఏమిటో అప్పుడు కంటికి కనపడుతుంది. ఘానా నుంచి వచ్చిన పొడుగాటి ఆఫీసరు ఈసారి దైవాశీర్వాదానికి ‘ఓడల దేవుడు’ అని పేరు పెట్టాడు.

ఆఖరి వారం ఎవరి రేవు లెక్కలతో వాళ్ళే చీటీలు రాసుకుంటారు. నిన్న గురువారం రామమోహన్ వంతు.

రామమోహన్ ఆంధ్రా తీరంలో పోలమ్మరేవు అనే చిన్న రేవుకి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. నలభై అయిదేళ్ళవాడు, చురుకైనవాడు. పోలమ్మరేవులో ఓడ ఒడ్డుకి రాదు. రెండు మైళ్ళ అవతల లంగరు వేసుకుంటే, బార్జీలు వెళ్ళి సరుకు దింపుకొస్తాయి. ఇప్పుడక్కడ ఓడలు నేరుగా ఒడ్డుకి చేరేందుకు బెర్తు కట్టబోతున్నారు. ఒకటి కట్టాలా, రెండా? అది తేల్చే పని రామమోహన్ మీద పెట్టి పంపారు. ఓడలొచ్చిన తేదీలు రాసే ముప్ఫై ఏళ్ళ అరైవల్ రిజిస్టర్లలోంచి ఆయన చీటీలు రాసుకొచ్చాడు.

దైవాశీర్వాదం తీసిన ప్రతి చీటీ ఇంచుమించు ఒకేలా వచ్చింది. ఒకటి. సున్నా, సున్నా. ఒకటి. సున్నా, సున్నా. ఒకటి. ఓడలు బడిపిల్లల్లా వరసలో, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వచ్చాయి. ఏ ఓడా బెర్తు కోసం ఒక్క రోజూ ఆగలేదు.

“మీ సముద్రానికి మర్యాద బాగా నేర్పారు!” అన్నాడు ఘానా ఆఫీసరు. అందరూ నవ్వారు. రామమోహన్ కూడా గర్వంగా నవ్వి, “ఒక్క బెర్తు చాలు మాకు,” అన్నాడు.

దైవాశీర్వాదం చెయ్యి డబ్బాలోనే ఉండిపోయింది.

ఆ లెక్క ఆయనకి తెలుసు. తనే రాశాడు. పందొమ్మిది వందల యాభై మూడు నుంచి అరవై అయిదు దాకా పోలమ్మరేవులో సరుకు లెక్క రాసే టాలీ ఆఫీసులో రిజిస్టరు గుమస్తా ఆయనే. వచ్చిన తేదీ కింద ఓడ లంగరు వేసిన రోజు రాయకూడదు, మొదటి బార్జీ ఓడకి తగిలిన రోజే రాయాలి. ఆ ఆఫీసు ఆనవాయితీ అది. “నీటి మీద ఉన్నంతసేపు అది దేవుడి ఓడ. బార్జీ తగిలాకే మన ఓడ,” అనేవాడు హెడ్ గుమస్తా. ఎన్ని రోజులు ఆగిందో కాగితం మీద పడితే, ఎందుకాగిందని పైనుంచి ఉత్తరాలొస్తాయి. అందుకని ఆగడం అనేదే లేకుండా రాశారు. బార్జీలు మూడు రోజులకొక ఓడని ఖాళీ చేయగలవు. కాబట్టి రిజిస్టరులో మూడు రోజులకొక ఓడ వచ్చింది. తన తర్వాత వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళకి ఆ రాత నేర్పింది కూడా తనే. చీటీలు చూస్తే వాళ్ళు బుద్ధిగా అలాగే రాస్తూ వచ్చారని తెలుస్తూనే ఉంది.

ఒక్క బెర్తు కడితే మళ్ళీ అదే కథ. ఇంకో ముప్ఫై ఏళ్ళు ఓడలు నీటి మీద పడి ఉంటాయి. ఆ సంగతి ఈ గదిలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ఆరు వారాల కిందట, మొదటి రోజు పరిచయాల్లో, “విశాఖలో ఏదో చిన్న ఉద్యోగమండి,” అని రామమోహన్‌కి అబద్ధం చెప్పాడు.

ఇవాళ రెండింటికి రామమోహన్ తన ప్లాను అందరి ముందూ చదువుతాడు. ఐదింటికి ఎయిర్‌పోర్టుకి వ్యాను. చెప్తే ఈలోపే చెప్పాలి.

గోడ మీది ఫోను మోగింది. భార్య లూసీ. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ ముగించుకుని పార్సిప్పనీలో ఇంటికి చేరినట్టుంది.

“లంచ్ బాక్స్ ఇక్కడే వదిలేసి పోయారు.”

“చూసుకోలేదు.”

“కళ్ళజోడు కేసు కూడా ఇక్కడే ఉంది. అద్దాలన్నా పెట్టుకున్నారా, లేకపోతే టర్న్‌పైక్ మీద తడుముకుంటూ డ్రైవ్ చేశారా?”

“పెట్టుకున్నాలే.”

“చెప్పారా ఆయనకి?”

“ఇంకా రాలేదు.”

“వస్తే చెప్తారా?”

“చూస్తాను.”

“చూస్తానంటే చెప్పనని. ఇరవయ్యేడేళ్ళ నించీ వింటున్నాగా.” ఆవలించింది. “ఏమండీ, ఆ రోజు శవాన్ని మిషన్ ఆసుపత్రికి తెస్తే కడిగింది నేను. నాకే గుర్తుంది, మీకు లేకుండా ఉంటుందా? చెప్పేయండి. చెప్పి క్యాఫెటేరియాలో ఏదన్నా కొనుక్కు తినండి. సూప్ బాగుంటే సూప్ తీసుకోండి. నేను పడుకుంటున్నా.”

ఫోను పెట్టేశాక కూడా ఆయన కొంతసేపు గోడ దగ్గరే నిలబడ్డాడు. లూసీ మాట ఎప్పుడూ అంతే, ఇంజెక్షన్ ఇచ్చినట్టు. గుచ్చుకున్నట్టు తెలిసేలోపే దూది పెట్టేస్తుంది.

ఆమె నర్సు కాబట్టే డెబ్భై ఒకటిలో ఇక్కడికి రాగలిగారు. మొదటి మూడేళ్ళూ ఆయన పార్కింగ్ గ్యారేజీలో చీటీలు చింపాడు. తర్వాత చర్చిలో ఎవరో చెప్తే ఇక్కడ కాఫీ పనికి చేరాడు. డైరెక్టరు మిసెస్ కెల్లర్ ఈ బల్ల కొత్తగా చేయిస్తున్నప్పుడు, ఓడలకని అట్టముక్కలు కత్తిరిస్తుంటే చూడలేక, ఇంట్లో కూరగాయలు తరిగే కత్తితో పైన్ చెక్క చెక్కి, మర్నాడు ఆమె ముందు పెట్టాడు. “ఓడల సంగతి నీకెలా తెలుసు?” అని ఆమె అడిగింది. “సముద్రం దగ్గర పుట్టానండి,” అన్నాడు. అప్పుడూ అంతే చెప్పాడు.

పొద్దుటి కాఫీ వేళ రామమోహన్ దొరికాడు గానీ చుట్టూ నలుగురున్నారు. పదిన్నరకి ఒంటరిగా కనిపించాడు గానీ జిరాక్సు కాగితాలు చేతిలో పెట్టి, “ఒక్క పదిహేను కాపీలు, ప్లీజ్,” అన్నాడు. దైవాశీర్వాదం ఆ పదిహేను కాపీలూ తీశాడు. పోలమ్మరేవు – ఒక బెర్తు – తుది నివేదిక. మిషన్లో పచ్చటి వెలుతురు పదిహేనుసార్లు అటూ ఇటూ పోయింది. ప్రతిసారీ, ఇప్పుడు వెళ్ళి చెప్తాను అనుకున్నాడు. కాపీలు రామమోహన్ బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

పన్నెండున్నరకి క్యాఫెటేరియాలో సూప్ నిజంగానే బాగుంది. రెండు చెంచాలు తాగి, గిన్నె అలాగే వదిలి లేచాడు. రామమోహన్ వరండా చివర కిటికీ దగ్గర నిలబడి సాండ్‌విచ్ తింటూ, పెదవులతో తన ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు. కిటికీ బయట సన్నటి వాన. దాని వెనక పెద్ద క్రేన్లు.

“రామమోహన్ గారూ, ఒక్క మాట.”

“రండి రండి ఆశీర్వాదం గారూ. నా షీట్లు వరసలో పెట్టారు కదా? ఎనిమిదోది తిరగబడుతోంది, చూసుకోండి.”

“పెట్టానండి. మీ లెక్క గురించి.”

“టైపింగ్ మిస్టేకా మళ్ళీ?”

“నేను పని చేసింది విశాఖలో కాదండి. పోలమ్మరేవులో. టాలీ ఆఫీసులో.”

రామమోహన్ నమలడం ఆపాడు.

“పన్నెండేళ్ళు ఆ రిజిస్టరు నేనే రాశాను. అది ఓడ వచ్చిన రోజు కాదండి. బార్జీ తగిలిన రోజు. ముందు ఎన్నాళ్ళు ఆగిందో అందులో ఉండదు. మేం రాయలేదు. మీ చీటీల్లో ఓడలు ఆగకపోవడానికి కారణం అదేనండి.”

రామమోహన్ సాండ్‌విచ్‌ని మెల్లగా కాగితంలో చుట్టాడు. చుట్టినదాన్ని విప్పి మళ్ళీ చుట్టాడు.

“ఆరు వారాలు,” అన్నాడు. “ఆరు వారాలు నా పక్కన నిలబడి కాఫీ పోశారు. మీ ఇంటికి పిలిచి చేపల పులుసు పెట్టారు. ఇవాళ, రెండింటికి నా ప్రెజెంటేషన్ పెట్టుకుని, ఇప్పుడా చెప్పేది?”

“నిన్న చీటీలు చూసేదాకా నాకూ తెలియదండి, ఇంకా అలాగే రాస్తున్నారని.”

“చైర్మన్ గారికి టెలెక్స్ కొట్టేశానయ్యా, ఒక్కటి చాలని!” ‘గారు’ పోయి ‘అయ్యా’ వచ్చింది. “ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పమంటావు? అమెరికాలో కాఫీ పోసే ఆయన చెప్పాడు, అందుకని మార్చానని చెప్పనా?”

“కాఫీ పోసేవాడని వద్దండి,” అన్నాడు దైవాశీర్వాదం. “రిజిస్టరు రాసినవాడు చెప్పాడనండి.”

రామమోహన్ సాండ్‌విచ్ చెత్తబుట్టలో పడేసి వెళ్ళిపోయాడు.

సరే, చెప్పవలసింది చెప్పాను, ఇక ఆయన ఇష్టం అనుకున్నాడు దైవాశీర్వాదం. మనసు నిమ్మళిస్తుందనుకున్నాడు. నిమ్మళించలేదు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. ప్రొజెక్టరు అద్దం తుడిచిందే తుడిచాడు.

రెండింటికి పద్నాలుగు మంది ఆఫీసర్లూ మంచి సూట్లు వేసుకుని కూర్చున్నారు. మిసెస్ కెల్లర్ ముందు వరసలో పెన్సిలు పట్టుకుని ఉంది. ఈజిప్టు ఆయన చదివాడు, ఫిలిప్పీన్స్ ఆవిడ చదివింది. తర్వాత రామమోహన్ లేచాడు. దైవాశీర్వాదం వైపు చూడలేదు.

మొదటి షీటు, తీరం పటం. రెండోది, బార్జీల సంఖ్య. గొంతు స్థిరంగానే ఉంది. మూడోది, నాలుగోది. “ఇక ముఖ్యమైన సంగతి,” అన్నాడు ఇంగ్లీషులో. “ముప్ఫై ఏళ్ళ రికార్డులు చూశాం. మా రేవులో ఏ ఓడా ఆగదు. నెక్స్ట్, ప్లీజ్.”

దైవాశీర్వాదం నాలుగో షీటు తీశాడు. అయిదోది చేతిలోనే ఉంది. పెట్టలేదు.

తెర మీద తెల్లటి వెలుతురు, అంతే. ప్రొజెక్టరు ఫ్యాను చప్పుడు వినపడుతోంది.

“నెక్స్ట్, ప్లీజ్,” అన్నాడు రామమోహన్ మళ్ళీ.

తొమ్మిదేళ్ళలో ఆ గదిలో దైవాశీర్వాదం పలికిన మాటలు మూడే. నంబరు, నంబరు, గుడ్ మార్నింగ్. “సర్,” అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. “ఆ రికార్డు రాసింది నేను. ఓడలు ఆగేవి.”

ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది గానీ ఆగలేదు. బార్జీ తగిలిన రోజు సంగతి చెప్పాడు. చెప్తూనే బల్ల దగ్గరికి నడిచాడు. చీటీల డబ్బా ముట్టుకోకుండా ఓడల పెట్టె తెరిచాడు. “యాభై ఎనిమిది నవంబరు,” అన్నాడు. మూడో తారీకున ఒకటి, ఎరువుల ఓడ. ఆ సాయంత్రమే ఇంకొకటి, గోధుమలది. అయిదున రెండు. నీలం గుడ్డ మీద నాలుగు ఓడలు. వాయుగుండం పట్టింది, బార్జీలు కదల్లేదు, రేవు లాంచీ మరమ్మతులో ఉంది. గోధుమల ఓడ మీద డాక్టరు కావాలని జెండా ఎగరేశారు. ఒడ్డు నుంచి కనపడుతూనే ఉంది. తొమ్మిది రోజులు కనపడింది. పదో రోజు బార్జీ వెళ్ళింది, వంటవాడి శవాన్ని దించుకొచ్చింది.

“పన్నెండో తారీకు,” అన్నాడు దైవాశీర్వాదం. “ఓడ ఆ రోజే వచ్చిందని రాశాను. ఆగిన రోజులు, సున్నా.”

ఘానా ఆఫీసరు ఆయన వైపు చూడకుండానే, పాదంతో ఒక కుర్చీని మెల్లగా ఆయన వెనక్కి జరిపాడు. దైవాశీర్వాదం కూర్చున్నాడు. ఆఫీసర్ల కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

మిసెస్ కెల్లర్ పెన్సిలు పక్కన పెట్టి రామమోహన్‌ని చూసింది. ఆయన తెల్లటి తెర ముందు, ముఖం నిండా ప్రొజెక్టరు వెలుతురుతో నిలబడి ఉన్నాడు.

“ఇది నాకు మధ్యాహ్నమే చెప్పాడు,” అన్నాడు. “ఇవాళ్టికి గడిచిపోతే చాలనుకున్నాను.” చేతిలో కాగితాల్ని రెండుగా మడిచాడు. “నా దగ్గర ప్లాను లేదు. వెళ్ళి మొదటినుంచీ లెక్క వేయాలి. లంగరు వేసిన తేదీలు ఓడల కంపెనీల దగ్గర ఉంటాయేమో అడగాలి. థాంక్యూ.”

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

నాలుగింటికి సర్టిఫికెట్లు ఇచ్చారు. రామమోహన్‌కీ ఇచ్చారు గానీ, నివేదిక మళ్ళీ పంపాలని ఒక కాగితం పిన్ను చేశారు. ఆ కాగితం టైపు చేసింది కూడా దైవాశీర్వాదమే. ఫొటో తీశారు. కేకు కోశారు. మిసెస్ కెల్లర్ ఆయన పక్క నుంచి పోతూ ఒక్క క్షణం ఆగి, “నాకెప్పుడూ చెప్పలేదే,” అంది. కోపంగా అనలేదు. “అడగలేదండి,” అనబోయి, అది నిజం కాదని గుర్తొచ్చి, “లేదండి,” అని ఊరుకున్నాడు.

ఐదింటికి వ్యాను వచ్చింది. దైవాశీర్వాదం సూట్‌కేసులు దించడానికి సాయం పట్టాడు. ఘానా ఆఫీసరు ఆయన్ని రెండు చేతులా కౌగిలించుకున్నాడు. రామమోహన్ తన పెట్టె తనే మోసుకుంటూ, తల వంచుకుని, ఆయన పక్క నుంచే మెట్లు దిగిపోయాడు. వానలో వ్యాను తలుపు మూసిన చప్పుడు వినపడింది.

దైవాశీర్వాదం పైకొచ్చి కప్పులు ఏరడం మొదలుపెట్టాడు. తప్పు చేశానా? మర్యాదస్తుణ్ణి పదిమందిలో నిలబెట్టాను. చెప్పింది ఎవరికోసం, ఆ రేవు కోసమా, పాతికేళ్ళుగా తను మోస్తున్నదాన్ని దింపుకోవడానికా? కప్పులన్నీ ఒకదాన్లో ఒకటి పెడుతూ, తీస్తూ ఉన్నాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. రామమోహన్. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది.

“వ్యాను ఆపి వచ్చాను,” అన్నాడు ఆయాసంగా. ఒంటి మీది కోటు విప్పి గుమ్మం పక్కన అలమరలో తగిలించాడు. వేడి దేశాల వాళ్ళు పోతూ పోతూ కోట్లు అక్కడ వదిలేసి పోతారు, తర్వాత వచ్చేవాళ్ళు వేసుకుంటారు. “దీంతో మనకేం పని అక్కడ.”

“అవునండి.”

రామమోహన్ కదల్లేదు. చొక్కా జేబులోంచి టికెట్టు కవరు తీశాడు, పెన్ను తీశాడు. “ఆ వంటవాడి పేరేంటి?”

దైవాశీర్వాదం చేతిలో కప్పు బల్ల మీద పెట్టాడు. రిజిస్టరులో సరుకుకి గడి ఉంది, టన్నులకి గడి ఉంది. పేరుకి లేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

“జోకిం అండి. మంగుళూరు వైపు. ఎవరూ ముట్టుకోకపోతే మా చర్చి వాళ్ళమే మోసి, మా సమాధుల దొడ్లోనే పూడ్చిపెట్టాం. ఇరవై రెండేళ్ళవాడు.”

“జోకిం,” అని రాసుకున్నాడు రామమోహన్. “నివేదిక మొదట్లో పెడతాను. పైవాళ్ళు తీసేయమంటారు. రెండోసారీ పెడతాను.” పెన్నుకి మూత పెట్టాడు. “వరండాలో మిమ్మల్ని ‘అయ్యా’ అన్నాను. మనసులో పెట్టుకోకండి ఆశీర్వాదం గారూ.”

“నాకు వినపడలేదండి.”

రామమోహన్ చిన్నగా నవ్వాడు. “మళ్ళీ అబద్ధం,” అన్నాడు. కింద వ్యాను హారన్ మోగింది. మెట్లు రెండేసి దిగుతూ వెళ్ళిపోయాడు.

కిటికీలోంచి వ్యాను ఎర్ర దీపాలు క్రేన్ల కింద మలుపు తిరిగేదాకా చూసి, దైవాశీర్వాదం అలమర తలుపు మూయబోయి ఆగాడు. బూడిదరంగు కోటు, భుజాల మీద వాన చినుకులు ఇంకా ఇంకలేదు. ఒక్కొక్కటే కోటు చేతుల వెంట జారి, అంచు దగ్గర కాసేపు నిలిచి, కింద పరిచిన పాత పేపరు మీద పడుతోంది.